నిర్వాసిత యవనుల జన్మభూమిస్మృతి

సంస్కృతవాఙ్మయమున యవనశబ్దము మిక్కిలి ప్రాచీనము. పాణిని స్త్రీప్రత్యయములను విధించు ఘట్టమున దీనిని స్మరించెను. యవనుల లిపి యను నర్థమున "యవనానీ" యను రూపము సిద్ధించునని కాత్యాయనుఁడు వార్తికమున విశేషము చెప్పెను. మన యవనశబ్దమును, పారసీకచక్రవర్తుల శాసనములందుఁ గానవచ్చు "యౌన" పదమును, ఆసియామైనరు పశ్చిమతీరమందలి "అయోనియా" యను సీమపేరును ఏకమూలము లని శాబ్దికులు నిర్ణయించియున్నారు. ఆ పేరు మొదట గ్రీకుల కందఱకుఁ జెందినది కాదు. ఏజియను సముద్రమునకుఁ దూర్పుగట్టున నుండిన గ్రీకులకే చెల్లినది. ప్రాచ్యులు మొదట నెఱిఁగినవారు వారే యగుటచే నేకదేశమునకుఁ గల పేరు జాతి కంతకు వ్యాపించెను. తురుష్కులును, అరబ్బులును నేఁటికిని గ్రీకులను "యూనాను" శబ్దముతోనే వ్యవహరింతురు. మన నగరములలో యూనానీ వైద్య మనఁబడునదియు నీ పేరితోడి సంబంధము గలదే.

ఇట్లు ప్రపంచమునఁ బ్రాగ్దేశము లన్నింట నొకజాతికిఁ బేరు పెట్టిన యా యయోనియాలో 1922 తరువాత గ్రీకుసంఘములు లేకపోయెను. రెండువేల యేనూఱేండ్లకుఁ బైఁబడి యా తీరమున నిలిచిన జనము కొలఁదికాలములోఁ దుడిచిపెట్టుకొనిపోయెను. ఆ జనమునకుఁ దరువాత నేమి యయ్యెను, వారు తమ్మును దామెట్లు గుర్తించుకొనిరి, పోయిన నేలను మనసున నెట్లు నిలుపుకొనిరి యనునదియే యీ వ్యాసమునకు విషయము. ఇందు నేను జెప్పఁబూనినది రెండుమాటలు. శరణార్థులమను గుర్తింపు వారు స్వదేశము నుండి వెంటఁ దెచ్చుకొన్నది కాదు. గ్రీసునకు వచ్చిన పిమ్మట నేర్పడినది. వారి స్మృతికి రెండు ముఖములు గలవు; ఒకటి యింటిది, ఒకటి సభది. ఈ రెండింటిని వేఱుపఱచి చూడనిచోఁ జరిత్ర చెడును.

విపత్తు

మొదటి మహాసంగ్రామము ముగిసిన పిదప మిత్రరాజ్యముల యనుమతితో గ్రీకుసేన 1919 మే 15వ తేదీన స్మర్నారేవున దిగెను. 1920 ఆగస్టు 10న జరిగిన సేవ్రుసంధి స్మర్నామండలపు పాలనమును గ్రీసున కొప్పగించెను. ముస్తఫా కెమాలు నాయకుఁడుగా అంగోరాలో నేర్పడిన తురుష్కప్రభుత్వ మా సంధి నంగీకరింపలేదు. గ్రీకుసేన దేశాభ్యంతరమునకుఁ జొచ్చుకొనిపోయి, 1921లో సకారియానది కడ నిలిచిపోయి, 1922 ఆగస్టు 26న నారంభమైన తురుష్కుల దాడికిఁ దాళలేక విచ్ఛిన్నమయ్యెను. ఈ మూఁడేండ్ల యుద్ధమున గ్రామములను దగులఁబెట్టుట, నిరాయుధులను జంపుట యుభయపక్షముల యందును గలవు. ఆ మాట మఱుఁగుపఱచి యొకరినే దోషులుగఁ జూపుట చరిత్రకారునకుఁ దగదు.

సెప్టెంబరు 9న తురుష్కసేన స్మర్నాను బ్రవేశించెను. 13న పుట్టిన యగ్ని ఆర్మీనియనుల పేటను, గ్రీకుల పేటను భస్మ మొనర్చెను. వెనుక మంటలు, ముందు సముద్రము, నడుమ రేవుకట్టపై నపారమైన జనసమూహము. ఇదియే యా నగరపు గ్రీకుచరిత్రకుఁ దుదిదృశ్యము. స్త్రీలును, శిశువులును, వృద్ధులును నోడ లెక్కిరి. పదునెనిమిది మొదలు నలువదియైదేండ్ల వఱకు వయసుగల పురుషులను దేశములోపలికి వెట్టిపటాలములకుఁ బట్టుకొనిపోయిరి. వారిలోఁ బెక్కండ్రు తిరిగి రాలేదు. గ్రీకులు దీని నంతయు "కతాస్త్రొఫీ" యను నొక్కపదముతోఁ జెప్పుదురు. మహావిపత్తని దాని భావము. అదే కాలము తురుష్కులకు స్వాతంత్ర్యవిజయకాలము. ఒక్క సంవత్సరమునకే యిటు దుఃఖదినములు, నటు నుత్సవదినములు నేర్పడినవి.

మతమే కొలమానము

1923 జనవరి 30న స్విట్జర్లాండునందలి లోజాను నగరమున గ్రీసు తురుష్కదేశములకు నొక యొడంబడిక జరిగెను. తురుష్కదేశమందలి గ్రీకు ఆర్థొడాక్సు మతస్థులును, గ్రీసునందలి మహమ్మదీయులును ఆ సంవత్సరము మే 1 మొదలుకొని నిర్బంధముగా దేశము మాఱవలెనని యందు విధింపఁబడెను. ప్రభుత్వానుజ్ఞ లేక వారు మరలఁ దమ స్థలములకు వచ్చి వసింపరాదు. కాన్‌స్టాంటినోపిలు గ్రీకులును, పశ్చిమత్రేసునందలి మహమ్మదీయులును మాత్రము దీనికి వెలియైరి. పాఱిపోయివచ్చినవారికిఁ దిరుగుదారి యీ యొడంబడికతో మూసికొనిపోయెను. కప్పదోకియావంటి యంతర్భాగముల యందు యుద్ధమును గన్నులఁ జూడక నిలిచియున్నవారిని లేపి పంపినదియు నిదియే. గ్రీసును విడిచిపోయిన మహమ్మదీయులు సుమారు మూఁడున్నర లక్షలు.

ఎవఁడు గ్రీకు, ఎవఁడు తురుష్కుఁడు అను ప్రశ్నకు నీ యొడంబడిక భాషను బట్టి యుత్తరము చెప్పలేదు. వంశమును బట్టి చెప్పలేదు. వాని మనసు నడుగనేలేదు. మతమొక్కటే కొలమానము. అందువలనఁ గలిగిన వైపరీత్యములు శబ్దశాస్త్రము నెఱిఁగినవారికి మిక్కిలి విచార్యములు.

కప్పదోకియా మొదలగు ప్రాంతములయందు "కరమాన్లీ" లనఁబడు క్రైస్తవులుండిరి. వారి మాతృభాష తురుష్కభాష. ప్రార్థన, పాట, బేరము, జోలపదము, అన్నియుఁ దురుష్కభాషయందే. కాని వ్రాయునపుడు మాత్రము వారు తురుష్కభాషను గ్రీకులిపితో వ్రాసికొనిరి. ఆ లిపితో గ్రంథములను, పత్రికలను ముద్రించుకొనిరి. కాత్యాయనుఁడు యవనశబ్దమునకు లిపివిషయమున విశేషరూపము చెప్పినాఁ డంటిమి గదా. భాష పోయినను యవనానీ లిపి మాత్రము విడువని యవనులు వీరు. 1928వ సంవత్సరపు గ్రీకు జనగణనమునఁ దురుష్కభాష మాతృభాషగాఁ గల ఆర్థొడాక్సు క్రైస్తవులు లక్షకుఁ బైఁబడి లెక్కకు వచ్చిరి. ఎన్నఁడును జూడని గ్రీసునకు, మాటాడనేరని గ్రీకుభాష నడుమకు, "స్వదేశమునకుఁ బోవుచున్నా"రని చెప్పి వీరిని బంపిరి.

దీనికిఁ బ్రతియోగి యావలిగట్టునఁ గలదు. క్రీటుద్వీపపు మహమ్మదీయులలో బహుసంఖ్యాకులకు గ్రీకే మాతృభాష. మహమ్మదీయు లగుటచే వారు తురుష్కదేశమునకుఁ బంపఁబడి, అచ్చటఁ దురుష్కభాష రానివారైరి. ఇఁక నల్లసముద్రతీరమందలి పొంతసుసీమలో, ట్రెబిజాండు ప్రాంతపుఁ గొండగ్రామములయందు, గ్రీకుభాషాభేదమును మాటాడు మహమ్మదీయులు గలరు. వారు మతమును బట్టి కదలక నిలిచిరి. వారి భాషయందు, ఆధునిక గ్రీకుభాషలో లుప్తమైన తుమర్థక కృద్రూపము నేఁటికిని వాడుకలో నున్నదని పరిశోధకులు కనిపెట్టియున్నారు. గ్రీకులని తరలింపఁబడినవారిలో గ్రీకు రానివారు లక్షమంది. తురుష్కులని నిలుపఁబడినవారి నోటఁ బ్రాచీనగ్రీకువ్యాకరణము. జాతులను గీతగీచి విభజించు రాజనీతికి నిది యొక చక్కని ప్రత్యుత్తరము.

క్రొత్తదేశమునఁ గ్రొత్తపేరు

అనతోలియాలోని క్రైస్తవులు తమ్మును దాము "రొమియి" యనియో, క్రైస్తవులనియో చెప్పికొనెడివారు. తురుష్కులు వారిని "రూము" లనిరి. అది ప్రాచీనమైన తూర్పురోమక సామ్రాజ్యమునుండి వచ్చిన పేరు. గ్రీసురాజ్యపు గ్రీకునకుఁ దురుష్కభాషయందు వేఱుపేరు, "యూనాను". అనఁగా ఈ గట్టువారును, ఆ గట్టువారును ఒక్కరే యను భావము పల్లెప్రజల నిత్యవ్యవహారమున దృఢముగా లేదు. వారికి మొదటి గుర్తింపు ఊరు, తరువాతఁ జర్చి.

1928 జనగణనమున గ్రీసు జనసంఖ్య 62,04,684. అందు శరణార్థులు 12,21,849. అయిదుగురిలో నొకఁడు క్రొత్తగా వచ్చినవాఁడన్నమాట. ఆసియామైనరు నుండి 6,26,954 మందియు, త్రేసునుండి 2,56,635 మందియు, పొంతసునుండి 1,82,169 మందియు వచ్చిరి. తక్కినవారు కాకససు, కాన్‌స్టాంటినోపిలు మొదలగు చోటులవారు. వీరిని నిలుపుటకై నానాజాతిసమితి యాజమాన్యమున 1923లో నొక పునరావాససంఘ మేర్పడెను. అప్పు తెచ్చి, భూములు పంచి, యిండ్లు కట్టించి యది 1930 వఱకుఁ బనిచేసెను. గ్రామీణులలోఁ బెక్కండ్రకు మాసిడోనియాలో, వెడలిపోయిన మహమ్మదీయుల పొలములే దక్కెను. పట్టణవాసులు ఏథెన్సు, పిరీయసు, సలోనికా నగరముల వెలివాడలందు గుడారములలో, ఱేకుల గుడిసెలలో, తరువాతఁ జిన్నగదులలోఁ దలదాఁచుకొనిరి.

ఏకమతస్థులే, ఏకజాతివారే యని కాగితములు చెప్పినను, పాతకాపులు వీరిని బంధువులుగఁ జూడలేదు. "తురుష్కబీజము" లనియు, "పెరుగులో బాప్తిస్మము పొందినవా"రనియు నెగతాళి చేసిరి. పనులలోఁ బోటి, పొలములలోఁ బోటి, యెన్నికలలో శరణార్థు లందఱు నొక్కపక్షము నవలంబించుట, ఇవి యా వైరమునకుఁ గారణములు. అచ్చటఁ దురుష్కులచే రూములని, యిచ్చట గ్రీకులచేఁ దురుష్కులని పిలువఁబడిన యీ జనము తనకుఁ దానుగా మూఁడవపేరొకటి కల్పించుకొనెను. "ప్రొస్ఫిగెస్" అనఁగా శరణుసొచ్చినవారని యర్థము. మొదట నిందగా వినఁబడిన యీ పదమే తరువాతఁ గులచిహ్న మయ్యెను. 1970 ప్రాంతమునఁ బిరీయసుచెంత నున్న కొక్కినియాలో వసించి పరిశోధించి 1989లో గ్రంథము ప్రకటించిన రెనే హర్షన్ పండితురాలు, అర్ధశతాబ్ది గడచినను, గ్రీసులోనే పుట్టిన పిల్లలు గూడ మేము శరణార్థులమనియే చెప్పుకొనుచుండిరని వ్రాసినది. కూఁతులకు వరకట్నముగా నిల్లీయవలసిన యాచారము చొప్పున, ఉన్న చిన్నయింటినే పంచి, నేలక్రింద గదులు త్రవ్వి యిచ్చెడివారనియు నామె వర్ణించినది. దారిద్ర్యములోను దమ మర్యాదను, నాగరకతను దలఁచుకొని తలయెత్తి నడచిరనుట దాని తాత్పర్యము.

స్థానియు నాదేశమును

వారి స్మృతి మొదట నిలిచినది నామముల యందు. ఏథెన్సు చుట్టును "నేయా స్మిర్నీ", "నేయా యోనియా", "నేయా ఫిలడెల్ఫియా" యను పురము లేర్పడెను. ఉత్తరమున "నేయా కర్వాలీ", "నేయా ముదానియా" మున్నగునవి వెలసెను. ఇందలి "నేయా" శబ్దము మన "నవ" శబ్దమునకు సోదరము. వ్యాకరణమున స్థానికి బదులుగ వచ్చిన యాదేశము స్థానివలెనే కార్యములను బొందును. కాని స్థాని యొక్క వర్ణస్వరూపము నాశ్రయించిన విధియం దా యతిదేశము చెల్లదు. ఈ గ్రామముల స్థితియు నట్టిదే. పేరు, ఇలవేల్పు, పండుగ, వియ్యము, వంట, వీని విషయమున నూతనగ్రామము పాతయూరివలెనే వర్తించెను. నేల, నీరు, ద్రాక్షతోఁట, పితరుల సమాధి, వీని నాశ్రయించినవాని యందు మాత్ర మాదేశము స్థాని కాఁజాలదు. "నేయా" యను విశేషణ మీ భేదమును దినదినమును జ్ఞప్తికిఁ దెచ్చుచునే యుండెను.

ఇందు మఱియొక సూక్ష్మ మున్నది. మాసిడోనియాలోని యనేకగ్రామములకు అంతకుముందు తురుష్కనామములో స్లావునామములో ఉండెను. గ్రీసు ప్రభుత్వము 1920 తరువాతి దశకమున వానిని బెద్దయెత్తున మార్చి గ్రీకుపేరులు పెట్టెను. కావున నొకరి స్మృతిని నిలిపిన పేరే మఱియొకరి స్మృతిని గప్పివేసినది.

వంశనామములును నిట్టి సాక్ష్యమే యిచ్చును. గ్రీసులో నేఁడు "ఓగ్లూ" యని ముగియు నింటిపేరు వినఁబడినచో, నది చాలవఱకు నాసియామైనరు నుండి వచ్చినవారిదని యూహింపవచ్చును. "ఓగ్లు" అనఁగాఁ దురుష్కభాషయందుఁ గుమారుఁడు. పొంతసువారి పేరులు తఱచుగ "ఇదిస్" అని ముగియును. ఇది ప్రాచీన గ్రీకు నపత్యప్రత్యయము. దశరథునిఁ గొడుకు దాశరథి యైనట్లు, అత్రెయుసు కొడుకు హోమరు కావ్యమున "అత్రెయిదీస్" అయ్యెను. ప్రత్యయము తురుష్కము గానిండు, గ్రీకు గానిండు, ఫలానివాని సంతానమను నర్థ మొక్కటే. ప్రత్యయమును బట్టి పరాయివాఁడని నిందించినవారు ప్రకృతిని జూడనివారు.

వేల్పులు, పితృకార్యములు

ఇల్లు విడుచునపుడు కప్పదోకియావారు తమ సొమ్మునకంటె ముందుగఁ బవిత్రవస్తువులను మూటగట్టిరి. నాలుగవ శతాబ్దిని వెలసిన నాజియాంజసు గ్రెగరీ మహర్షి యస్థిశేషములను గర్వాలీవారు తెచ్చి నేయా కర్వాలీలోఁ బ్రతిష్ఠించుకొనిరి. ప్రొకొపీవారు సాధువైన రష్యను జాను దేహమును దెచ్చి యూబియాద్వీపమున నిలిపిరి. ఆ గ్రామమునకును బ్రొకొపీ యనియే పేరు. పొంతసునందలి సుమేలా మఠపు మేరీమాత పటమును సన్యాసులు భూమిలోఁ బాతిపెట్టి వచ్చిరి. రెండు ప్రభుత్వములకు మైత్రి కుదిరిన పిమ్మట, 1931లో ననుజ్ఞ పొంది యొక సన్యాసి పోయి దానిని ద్రవ్వి తెచ్చెను. ఇరువదియేండ్లు ఏథెన్సు వస్తుప్రదర్శనశాలలో నుంచఁబడిన యా పటము, 1950 తరువాత వెర్మియోపర్వతముపైఁ గట్టిన నూతనసుమేలా దేవాలయమునఁ బ్రతిష్ఠితమయ్యెను. ఏఁటేట ఆగస్టు 15న పొంతసు సంతతివారు వేలకొలఁదిగ నచ్చట గూడుదురు. వస్తుప్రదర్శనశాలలో నున్నంతకాలము కళాఖండముగ నుండిన దానిని జనము మరల వేల్పును జేసికొనెను. పాత సుమేలా మఠమునను 2010 ఆగస్టు 15న, ఎనుబదియేండ్లకుఁ బైఁబడిన విరామము పిమ్మట, తురుష్కప్రభుత్వానుమతితోఁ బూజ జరిగెను.

పితృకార్యముల మాటయు నిట్లే. గ్రీకుక్రైస్తవులు మృతుల స్మరణకై ఉడికించిన గోధుమలు పంచిపెట్టుదురు. పూజారి మృతుల పేరులను జదువును. స్మరించుట వారికి ధర్మము, మఱచుట పాపము. సమాధులు సముద్రమున కావల నుండఁగా, వారికి నీవల మిగిలినది పేరు చదువుట యొక్కటే. మన తిలోదకవిధి నెఱిఁగినవారి కిది వివరింప నక్కఱలేదు.

స్మృతి గ్రంథస్థమగుట

1930 జూను 10న అంగోరాలో జరిగిన యొప్పందముచే గ్రీసుప్రధాని వెనిజెలోసు, విడిచివచ్చిన యాస్తుల విషయమై యుభయపక్షముల హక్కులను జెల్లుపెట్టి కొట్టివేయించెను. తమ్ముద్ధరించునని నమ్మిన నాయకుఁడే యిట్లు చేయుట శరణార్థులకు శరాఘాతమువలె నుండెను. తిరిగిపోవుదుమనునాస 1923లో సన్నగిల్లెను. పరిహారము వచ్చునను నాస 1930లో నడుగంటెను. న్యాయస్థానమునఁ జెప్పుకొనుటకు వీలులేనిది గ్రంథమున వ్రాసికొనవలసివచ్చెను. 1927లోఁ బొంతసువారు ఏథెన్సున నొక పరిశోధనసమితిని స్థాపించి, మఱుసంవత్సరము నుండి "ఆర్ఖియొన్ పొంతూ" యను పత్రికను బ్రకటించిరి. స్మర్నావారు 1938లో "మిక్రాసియాతికా ఖ్రోనికా" ప్రారంభించిరి. దేశము పోయినవారు నిఘంటువులను, సామెతలను, గ్రామనామములను గూర్చి పత్రికలు నడపిరనుట మనవంటి పరిషత్తుల వారికి విశేషముగఁ దలఁపఁదగినది.

వీని యన్నింటికంటె మిన్నయైన కృషి మెల్పో మెర్లియె విదుషిది. ఆమె 1930లో జానపదగేయములను ధ్వనిముద్రణ చేయించుటకై యొక సంస్థను నెలకొల్పెను. పాటలకొఱకు శరణార్థుల కడకుఁ బోఁగా, పాటకు వెనుక నొక లోకమే నశించుచున్నదని గ్రహించి, దానిని వ్రాయించుటకుఁ బూనుకొనెను. అదియే ఆసియామైనరు పరిశోధనకేంద్రమయ్యెను. ఆ కేంద్రమువారు దశాబ్దములపాటు వాడవాడ తిరిగి సుమారు 5,000 మంది వృద్ధుల వాఙ్మూలములను సేకరించిరి. వ్రాఁతప్రతులు సుమారు 1,45,000 పుటలు. మీ యూరికి దారి యెట్లు, నూతులెన్ని, ఏ పండుగ నేమి వండెదరు, ఇరుగుపొరుగు తురుష్కులతో నెట్లుంటిరి, ఎట్లు బయలుదేఱితిరి యని వారడిగిరి. రాజుల ప్రసక్తి లేని చరిత్ర యిట్లు పుట్టెను. అందలి నిర్గమనకథల మొదటిసంపుటము "ఎక్సొదొస్" అను పేర 1980లో వెలువడెను.

రెండు ముఖములు

ఈ వాఙ్మూలములందు ఘోరములును గలవు. అవి గాక, సభలయందు వినఁబడని మాట యొకటి తఱచుగఁ గానవచ్చును. తురుష్కులైన పొరుగువారితోఁ దాము సఖ్యముగ నుంటిమనియు, సాఁగనంపుచు వారేడ్చిరనియు, చెడుగు బయటనుండి వచ్చినదనియుఁ బలువురు చెప్పిరి. విశేషించి యుద్ధము సోఁకని కప్పదోకియావారి మాట యిది. బాల్యము నెడబాసినవాని జ్ఞాపకమునకు బంగారుపూఁత పడుట సహజమని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపమునకు బలము గలదు. అయినను శత్రువుగఁ జూపవలసినవానిని మిత్రునిగఁ జెప్పుట వక్తకు లాభకరము కాదు. లాభములేని సాక్ష్యము విలువ కలదియే.

సభాస్మృతి వేఱు. గ్రీసుశాసనసభ 1994లో మే 19వ తేదీని పొంతసు గ్రీకుల జాతివధ స్మారకదినముగను, 1998లో సెప్టెంబరు 14వ తేదీని ఆసియామైనరు గ్రీకుల జాతివధ స్మారకదినముగను నిర్ణయించెను. తురుష్కప్రభుత్వ మా పదము నంగీకరింపదు. చచ్చినవారిని దలఁచుట న్యాయమే, ఎవరును గాదనరాదు. కాని దినము నిర్ణయించిన స్మృతి విపత్తు నొక్కదానినే నిలుపును. దానికి ముందున్న బ్రదుకు జాఱిపోవును. ఇంటిస్మృతి బ్రదుకును నిలుపును, రాజకీయకారణములను మఱచును. ఒకటి లేక రెండవది యసమగ్రము.

1940లో అంబేద్కరు పండితుఁడు పాకిస్థానమును గూర్చి వ్రాసిన గ్రంథమున, అల్పసంఖ్యాకుల సమస్యకుఁ బరిష్కారముగ గ్రీసు, తురుష్క, బల్గేరియా దేశముల జనవినిమయమును దృష్టాంతముగఁ జూపెను. ఏడేండ్లకు మన దేశవిభజనమున లక్షలు గాక కోటికిఁ బైఁగా జనము, ఒడంబడిక యేదియు లేకయే కదలెను. కాఁబట్టి యీ కథ మనకుఁ బరాయిది కాదు. వినిమయమను పదము సరకులకుఁ దగినది. ఇచ్చినదానికి సమానమైనది పుచ్చుకొనుట దాని యర్థము. కరమాన్లీ వృద్ధురాలికిఁ బ్రతిగాఁ గ్రీటు మహమ్మదీయుఁడు సరిపోయినాఁడని లెక్క వ్రాసినవారు తలలను లెక్కించిరి. ఊళ్ల పేరులను లెక్కింపలేదు. ఆ లెక్క తప్పని చూపునవి సంధిపత్రములు కావు. "నేయా" యను రెండక్షరములును, ఏథెన్సులో భద్రపఱుపఁబడిన యా వ్రాఁతప్రతులును. మన ప్రాంతములయందును నిల్లు విడిచివచ్చిన వృద్ధుల నోట నిట్టి వాఙ్మూలములు వ్రాసికొనుట పండితులకును, పాఠశాలోపాధ్యాయులకును దగిన పని.